డోలుటెగ్రవిర్ పక్కన ఏ మందులున్నాయి? టీఎల్‌డీ వాడుతున్న షుగరు రోగిలో పెరిగిన వైరల్ లోడ్, ఆ తర్వాత టీబీ: ఒక కేస్ స్టడీ

ఇది బోధన కోసం కూర్చిన కేసు. ఇందులో కనిపించేది ఒక్క రోగి చార్టు కాదు. హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రవిర్ వాడేవారిలో పదేపదే ఎదురయ్యే చిక్కులను ఒకే వరుసలో పెట్టాం. మోతాదులు, మందుల మధ్య ప్రభావాల అంకెలు మాత్రం వాడుకలో ఉన్నవే.

డోలుటెగ్రవిర్ మొండి మందు. ఎఫవిరెంజ్, నెవిరపిన్ అనే పాత మందులకు ఒక్క మ్యుటేషన్ (జన్యు మార్పు)తోనే వైరస్ లొంగకుండా పోతుంది. దీనికి అంత తేలిగ్గా నిరోధకత రాదు. అందుకే దీని మీద ఉండగా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) పెరిగిందంటే ముందు అనుమానించాల్సింది మందును కాదు. అది రక్తంలోకి చేరిందా లేదా, చేరినా నిలిచిందా లేదా అన్నది చూడాలి. ఈ రోగిలో రెండూ వేర్వేరు సమయాల్లో జరిగాయి, వేర్వేరు కారణాలతో.

మందు మార్చేనాటి పరిస్థితి

52 ఏళ్ల పురుషుడు. హెచ్‌ఐవీ నిర్ధారణ అయి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫవిరెంజ్ కలిసిన మాత్ర రోజుకొకటి. వైరల్ లోడ్ ఏళ్ల తరబడి 50 కాపీల లోపే. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఘన మిల్లీమీటరుకు 410. టైప్ 2 మధుమేహానికి మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. బరువు 64 కిలోలు. కిడ్నీ బయటికి పంపే వ్యర్థమైన క్రియాటినిన్ డెసిలీటరుకు 0.9 మి.గ్రా.; కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం లెక్కన క్లియరెన్స్ (కిడ్నీ వడపోత వేగం) నిమిషానికి 87 మి.లీ. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.1 శాతం.

ఎఫవిరెంజ్ వల్ల తెల్లవారుజాము దాకా తల తిరగడం, పీడకలలు తగ్గలేదు కాబట్టి టీఎల్‌డీకి మార్చారు. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రవిర్ 50 మి.గ్రా. మూడూ ఒకే మాత్రలో, రోజుకొకటి. పాత మాత్రకూ దీనికీ తేడా మూడో మందులోనే. వైరస్ అణిగి ఉండగా మార్చారు, కాబట్టి వెన్నుదన్నుగా ఉండే మిగతా రెండు మందులూ పనిచేస్తున్నాయనే లెక్క.

మార్చే ముందు హెపటైటిస్ బి పరీక్ష చేశారు, నెగటివ్. ఇది మొక్కుబడి పరీక్ష కాదు. టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ హెపటైటిస్ బి వైరస్ మీద కూడా పనిచేస్తాయి. పాజిటివ్ ఉన్న మనిషికి తర్వాత ఎప్పుడో కిడ్నీ పేరు చెప్పి ఈ రెండింటినీ ఒక్కసారిగా ఆపితే కాలేయం భగ్గుమనే ప్రమాదం ఉంది. అలాంటి రోగి చార్టు మొదటి పేజీ మీదే ఆ మాట ఎర్ర సిరాతో ఉండాలి.

మందు మార్చిన రోజు జరగనివి రెండు. మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గించలేదు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కొత్తగా చెప్పలేదు. ఎఫవిరెంజ్‌ను పరగడుపున, పడుకోబోయే ముందు వేసుకోమంటారు. మత్తు, తల తిరుగుడు నిద్రలో గడిచిపోతాయని. తొమ్మిదేళ్ల అలవాటు కాబట్టి టీఎల్‌డీని కూడా ఆయన రాత్రి భోంచేసిన రెండు మూడు గంటలకు, పడక మీద కూర్చునే వేసుకున్నారు. డోలుటెగ్రవిర్‌ను తిండితో వేసుకున్నా తినకుండా వేసుకున్నా ఫరవాలేదు, నిజమే. కానీ ఆ వేళ ఎంపిక తర్వాత కథనంతా మలుపు తిప్పింది.

ఒకటో నెల: క్రియాటినిన్ 1.05

నాలుగు వారాలకు క్రియాటినిన్ 0.9 నుంచి 1.05కు చేరింది. లెక్క కట్టిన క్లియరెన్స్ 87 నుంచి 74కు దిగింది. టెనోఫోవిర్ కిడ్నీని దెబ్బతీస్తోందని చార్టులో ప్రశ్నార్థకంతో ఒక వాక్యం చేరింది.

ఇక్కడ తొందరపడకూడదు. క్రియాటినిన్ కొంత గ్లోమెరులస్ అనే కిడ్నీ జల్లెడలో వడకట్టబడి, కొంత నాళికల గోడల గుండా బయటికి నెట్టబడి మూత్రంలో చేరుతుంది. రెండో దారికి ఓసీటీ2 అనే వాహక ప్రొటీను తలుపు లాంటిది. డోలుటెగ్రవిర్ ఆ తలుపును మూస్తుంది. వడపోత ఎప్పట్లాగే సాగుతున్నా రక్తంలో క్రియాటినిన్ 10 నుంచి 15 శాతం పెరుగుతుంది. ఈ పెరుగుదల మొదటి నాలుగు వారాల్లో వచ్చి అక్కడే ఆగిపోతుంది. అనుమానం తీరకపోతే కిడ్నీ వడపోతను చెప్పే మరో రక్తపరీక్ష, సిస్టాటిన్ సి, చేయించవచ్చు. అది ఈ వాహకం మీద ఆధారపడదు.

టెనోఫోవిర్ నిజంగా దెబ్బతీస్తే చిత్రం వేరుగా ఉంటుంది. క్రియాటినిన్ ఆగకుండా పెరుగుతూ పోతుంది, రక్తంలో ఫాస్ఫేటు తగ్గుతుంది, మూత్రంలో ప్రొటీను కనిపిస్తుంది. ఆ ప్రొటీనులో ఆల్బుమిన్ వాటా తక్కువగా ఉంటే నాళికల దెబ్బ అని మరింత గట్టిగా అనుమానించాలి. రక్తంలో షుగరు మామూలుగా ఉండి మూత్రంలో షుగరు పోవడం కూడా గుర్తే. అయితే మధుమేహ రోగిలో ఆ గుర్తును చదివేటప్పుడు అదే సమయానికి రక్తంలో షుగరు ఎంతో పక్కనే రాసుకోవాలి. రక్తంలో 240 ఉన్నప్పుడు మూత్రంలో కనిపించిన షుగరుకు టెనోఫోవిర్‌ను నిందించలేం.

ఈయనకు ఫాస్ఫేటు మామూలే, ప్రొటీను లేదు, రెండో నెలలోనూ క్రియాటినిన్ 1.05 దగ్గరే ఉంది. మాత్ర మార్చలేదు. చార్టులో 1.05ను కొత్త ప్రాతిపదికగా రాసుకున్నారు. తర్వాత వచ్చే అంకెలను పాత 0.9తో కాకుండా దీనితో పోల్చాలి. ఈ చిన్న పని చేయకపోతే ప్రతి కొత్త డాక్టరూ అదే ప్రశ్న మళ్లీ వేస్తారు.

గ్యాసు, విరేచనాలు, నిద్ర

మొదటి నెల నుంచే పొట్ట ఉబ్బరం, వికారం, వారంలో రెండు మూడు రోజులు పల్చటి విరేచనాలు. రాత్రి నిద్ర పట్టడం లేదన్నారు. డోలుటెగ్రవిర్ దుష్ప్రభావాల పట్టికలో తలనొప్పి, నిద్రలేమి, వికారం, విరేచనాలు అన్నీ ఉన్నాయి కాబట్టి కొత్త మందుకు ఒళ్లు అలవాటు పడుతోందని సరిపెట్టారు.

నిద్రలేమి వరకు అది నిజమే. రాత్రి వేసుకునే మాత్రను పొద్దున్నకు మారిస్తే చాలామందికి నయమవుతుంది. మారిస్తే సరిపోయేది. నిద్ర సంగతి అడిగేటప్పుడే మనసు సంగతీ అడగాలి. డోలుటెగ్రవిర్ వాడేవారిలో, ముఖ్యంగా అంతకుముందు కుంగుబాటు ఉన్నవారిలో, కుంగుబాటు పెరగడం, చనిపోవాలనే ఆలోచనలు రావడం అరుదుగానైనా నమోదయ్యాయి. 'మనసెలా ఉంటోందండీ?' అని నేరుగా అడగడానికి అర నిమిషం పట్టదు.

పొట్ట సంగతి వేరు. కిడ్నీలో క్రియాటినిన్‌కు దారిచ్చే ఓసీటీ2 మెట్‌ఫార్మిన్‌కూ దారి. దాని పక్కనే ఉండే మేట్1 వాహకాన్ని కూడా డోలుటెగ్రవిర్ అడ్డుకుంటుంది. రోజుకు 50 మి.గ్రా. డోలుటెగ్రవిర్‌తో ఒంటికి అందే మొత్తం మెట్‌ఫార్మిన్ పరిమాణం 79 శాతం పెరుగుతుంది. అంటే ఈయన 2000 మి.గ్రా. మింగుతున్నా, ఒంటికి తెలిసేది దాదాపు 3600 మి.గ్రా. మింగినట్టు. ఉబ్బరం, వికారం, విరేచనాలు మెట్‌ఫార్మిన్ ఎక్కువైందనే సంకేతాలే. అందుకే ఈ రెండు మందులూ కలిసినప్పుడు మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మి.గ్రా. దాటకూడదు. కిడ్నీ క్లియరెన్స్ తక్కువగా ఉన్నవారిలో ఇంకా జాగ్రత్త. లాక్టిక్ అసిడోసిస్ (రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం) భయం అక్కడే.

క్రియాటినిన్ పెరగడం, మెట్‌ఫార్మిన్ పెరగడం రెండూ ఒకే తలుపు మూసుకోవడం వల్ల వచ్చినవి. మొదటిది చూసి బెదిరిపోయారు, రెండోది ఎవరి కంటా పడలేదు. అపాయం లేనిదాన్ని పట్టుకుని, ఉన్నదాన్ని వదిలేయడం ఈ మందు విషయంలో తరచుగా కనిపించే పొరపాటు.

ఆరో నెల: వైరల్ లోడ్ 1,840

168 రోజుల తర్వాత చేసిన పరీక్షలో వైరల్ లోడ్ 1,840 కాపీలు. 'మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?' అంటే 'వేసుకుంటున్నానండీ' అన్నారు. 'ఇంకేమైనా మందులు వాడుతున్నారా?' అంటే 'షుగరుకి, బీపీకి. అంతేనండీ' అన్నారు.

రెండు జవాబులూ అబద్ధాలు కావు, కానీ రెండూ అసంపూర్ణమే. ఈ ప్రశ్నలను ఇలా అడగకూడదు. గ్యాసు మందును, కాల్షియం బిళ్లను, బలం మాత్రను ఎవరూ మందుల లెక్కలో వేయరు. ఇంట్లో నోట్లో వేసుకునేవన్నీ ఒక సంచిలో వేసి తెమ్మనాలి. వాటిని బల్ల మీద పోసి, ఒక్కొక్కటీ చేతికి తీసుకుని 'ఇది ఎప్పుడు, దేంతో వేసుకుంటారు?' అని అడగాలి. 'నిన్న రాత్రి ఏమేం వేసుకున్నారో వరసగా చెప్పండి' అంటే ఇంకా మంచిది. మనిషి అలవాటు చెప్పడు, జరిగింది చెబుతాడు.

సంచిలో బయటపడినవి ఇవి. అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉన్న యాంటాసిడ్ ద్రవం. రాత్రి పడుకోబోయే ముందు 15 మి.లీ., టీఎల్‌డీ మింగిన వెంటనే. మోకాళ్ల నొప్పికని మూడు నెలలుగా కాల్షియం కార్బొనేట్, అదీ అదే వేళకు. మూడోది టీఎల్‌డీ సీసా. ఇచ్చిన 180 మాత్రల్లో 168 రోజుల తర్వాత 12 మిగలాలి. 38 మిగిలాయి. విరేచనాలైన రోజుల్లో రాత్రి మాత్ర ఎగ్గొట్టేవారు. లెక్క కడితే వేసుకున్నవి 85 శాతం కంటే కాస్త తక్కువ.

యాంటాసిడ్ ఏం చేస్తుందో తెలియాలంటే డోలుటెగ్రవిర్ ఎలా పనిచేస్తుందో చూడాలి. వైరస్ తన జన్యు పదార్థాన్ని మన కణం డీఎన్‌ఏలో అతికించేది ఇంటెగ్రేజ్ అనే ఎంజైముతో. ఆ ఎంజైము నడిబొడ్డున రెండు మెగ్నీషియం అయాన్లు ఉంటాయి. డోలుటెగ్రవిర్ వాటిని పట్టుకుని ఎంజైమును కదలనీయదు. లోహపు అయాన్లను పట్టుకునే ఈ గుణమే దాని బలం, అదే దాని బలహీనత. పేగులో అల్యూమినియం, మెగ్నీషియం, కాల్షియం, ఇనుము, జింకు ఏది ఎదురైనా దాన్ని పట్టుకుని కరగని ముద్దయి, రక్తంలోకి చేరకుండా బయటికి పోతుంది.

అంకెలు చూస్తే ఏది ఎంత ప్రమాదమో తేలుతుంది. యాంటాసిడ్‌ను డోలుటెగ్రవిర్‌తో పాటే వేసుకుంటే ఒంటికి అందే మందు పరిమాణం 74 శాతం పడిపోతుంది. మందు వేసుకున్న రెండు గంటల తర్వాత యాంటాసిడ్ తాగితే 26 శాతమే తగ్గుతుంది. పరగడుపున కాల్షియం కార్బొనేట్‌తో కలిస్తే 39 శాతం, ఐరన్ మాత్రతో 54 శాతం, ఖనిజాలు కలిసిన మల్టీవిటమిన్‌తో 33 శాతం తగ్గుతుంది. కాల్షియం, ఐరన్ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. కడుపునిండా తిన్నప్పుడు డోలుటెగ్రవిర్‌తో కలిపి వేసుకున్నా నష్టం ఉండదు. అల్యూమినియం, మెగ్నీషియం యాంటాసిడ్లకు ఈ వెసులుబాటు వర్తించదు. పుండ్లకు ఇచ్చే సుక్రాల్‌ఫేట్‌కూ, మెగ్నీషియం ఉన్న విరేచనకారికీ వర్తించదు. వీటికి ఒకటే నియమం: డోలుటెగ్రవిర్ వేసుకున్న రెండు గంటల తర్వాతైనా, వేసుకోబోయే ఆరు గంటల ముందైనా.

ఈయన ఎంచుకున్న వేళ అన్ని రకాలుగానూ చెడ్డదే. కడుపు ఖాళీ, యాంటాసిడ్, కాల్షియం మూడూ ఒకే నిమిషంలో కలిశాయి.

గొలుసు ఇలా సాగింది. డోలుటెగ్రవిర్ మెట్‌ఫార్మిన్‌ను పెంచింది. పెరిగిన మెట్‌ఫార్మిన్ పొట్టను చెడగొట్టింది. పొట్టకని తాగిన యాంటాసిడ్ డోలుటెగ్రవిర్‌ను పేగులోనే ఆపేసింది. ఆ పొట్ట బాధే మాత్రలు ఎగ్గొట్టించింది. యాంటాసిడ్ ఒక్కటే అయితే టెనోఫోవిర్, లామివుడిన్ జంట వైరస్‌ను కొంతకాలం అదుపులో పెట్టేదేమో. అయితే ఎగ్గొట్టిన రోజుల్లో ఆ జంట కూడా లేదు. వైరల్ లోడ్ పైకి రావడానికి రెండూ కలవాల్సి వచ్చింది.

ఏం చేశారు, ఏం చేయలేదు

మందుల కూటమి మార్చలేదు. నిరోధకత పరీక్ష వెంటనే పంపలేదు. కారణం కళ్లెదుట ఉంది, సరిచేయవచ్చు; మూడు నెలలకు మళ్లీ వైరల్ లోడ్ చేసి అప్పటికీ 1,000 దాటి ఉంటే పంపాలని నిర్ణయం. పంపేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి రెండు. రోగి మందు వేసుకుంటూ ఉండగానే నమూనా తీయాలి, ఆపితే నిరోధక వైరస్ వెనక్కి తగ్గి కనబడకుండా పోతుంది. రెండోది, మామూలు జీనోటైప్ (వైరస్ జన్యువులను చదివే నిరోధకత పరీక్ష) రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్, ప్రొటియేజ్ అనే ఎంజైముల భాగాలనే చదువుతుంది. ఇంటెగ్రేజ్ కావాలని విడిగా రాయాలి. రాయకపోతే 'నిరోధకత లేదు' అని వచ్చే నివేదిక డోలుటెగ్రవిర్ గురించి ఏమీ చెప్పనట్టే. డోలుటెగ్రవిర్‌తో కనిపించే ఆర్263కే, జీ118ఆర్ లాంటి మ్యుటేషన్లు ఆ భాగంలోనే ఉంటాయి.

మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లకు దించారు. షుగరు పెరగకుండా గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. ఉదయం చేర్చారు. టీఎల్‌డీ ఉదయం 8 గంటలకు, టిఫిన్‌తో. యాంటాసిడ్ ఆపి ఒమెప్రజోల్ 20 మి.గ్రా. రెండు వారాలకే ఇచ్చారు. ఒమెప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుందే గానీ లోహపు అయాన్లను తేదు. డోలుటెగ్రవిర్‌కు దానితో తంటా లేదు. ఇదే రోగి డోలుటెగ్రవిర్, రిల్పివిరిన్ అనే మరో హెచ్‌ఐవీ మందు కలిసిన మాత్ర మీద ఉంటే మాత్రం ఒమెప్రజోల్ నిషిద్ధం, రిల్పివిరిన్‌కు ఆమ్లం కావాలి. కాల్షియం అవసరం లేదని తేలడంతో మానిపించారు. అవసరమైతే టిఫిన్‌తో టీఎల్‌డీ పక్కనే వేసుకోమనేవారు.

మోకాళ్ల నొప్పికి పారాసెటమాల్ రాసి, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా కొనుక్కోవద్దని గట్టిగా చెప్పారు. టెనోఫోవిర్ వాడే కిడ్నీకి వాటితో నిజమైన ముప్పుంది.

వైరల్ లోడ్ తగ్గేదాకా కండోమ్ తప్పనిసరి అని, భార్యకు పరీక్ష చేయించాలని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. వైరస్ కనబడని స్థాయిలో ఉంటే లైంగికంగా సోకదన్న భరోసా ఆ స్థాయి నిలిచి ఉన్నంతవరకే.

పది రోజుల్లో విరేచనాలు ఆగాయి, నిద్ర కుదుటపడింది. తొమ్మిదో నెల వైరల్ లోడ్ 50 లోపు. బరువు 68 కిలోలు.

ఆ నాలుగు కిలోల గురించి ఒక మాట. డోలుటెగ్రవిర్‌తో బరువు పెరగడం ట్రయల్స్‌లో స్పష్టంగా కనిపించింది. టెనోఫోవిర్‌కే మరో రూపమైన టెనోఫోవిర్ అలాఫెనమైడ్‌తో జత కట్టినప్పుడు, స్త్రీలలో, ఇంకా ఎక్కువ. ఎఫవిరెంజ్ నుంచి మారినవారిలో కొంత పెరుగుదల ఆ మందు అణచిపెట్టిన బరువు తిరిగి రావడమే. మధుమేహం ఉన్నవారిలో మొదటి ఏడాది మూడు నెలలకోసారి షుగరు చూడటం మంచిది. డోలుటెగ్రవిర్ మొదలుపెట్టిన కొత్తలో షుగరు ఒక్కసారిగా పెరిగిన కేసులున్నాయి. పెరిగిన బరువు చేసే ఇంకో చిక్కు తర్వాత తెలిసింది.

పద్నాలుగో నెల: టీబీ

మూడు వారాలుగా దగ్గు, సాయంత్రాలు జ్వరం. బరువు 61. చార్టు మొదటి పేజీలో ఉన్న 64తో పోలిస్తే మూడు కిలోలే తగ్గినట్టు. అసలు పోయింది గరిష్ఠ బరువు 68 నుంచి ఏడు కిలోలు. డోలుటెగ్రవిర్ వాడేవారిలో బరువు తగ్గుదలను ఎప్పుడూ గరిష్ఠం నుంచే లెక్కించాలి. కఫానికి చేసిన జీన్‌ఎక్స్‌పర్ట్ అనే జన్యు పరీక్షలో టీబీ ఉంది, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగేదే. వైరల్ లోడ్ 50 లోపు, సీడీ4 380.

చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాత నాలుగు నెలలు వీటిలో మొదటి రెండు మందులు. 61 కిలోలకు కలిపిన మాత్రలు రోజుకు నాలుగు, పరగడుపున. నరాల తిమ్మిరి రాకుండా పిరిడాక్సిన్. ఇక్కడో చిన్న గుంట ఉంది. పిరిడాక్సిన్ విడి మాత్రగానే ఇవ్వాలి. దొరకలేదని దాని బదులు జింకు, ఇనుము కలిసిన మల్టీవిటమిన్ ఇస్తే ఆరో నెల కథ మళ్లీ మొదటికొస్తుంది.

రిఫాంపిసిన్‌తో డోలుటెగ్రవిర్‌కు వచ్చే తంటా యాంటాసిడ్ తంటా లాంటిది కాదు. ఈ తేడా రోగికే కాదు, కొన్నిసార్లు రాసేవారికీ తెలియదు. యాంటాసిడ్ పేగులో అడ్డుపడుతుంది. గంటల ఎడం ఇస్తే సరిపోతుంది. రిఫాంపిసిన్ కాలేయంలో యూజీటీ1ఏ1, సైప్3ఏ4 ఎంజైములను ఎక్కువగా తయారు చేయిస్తుంది. అవే డోలుటెగ్రవిర్‌ను కరిగించేవి. ఆ ఎంజైములు పోగుపడటానికి దాదాపు రెండు వారాలు, తగ్గడానికీ అంతే. కాబట్టి 'టీబీ మాత్రలు పొద్దున, హెచ్‌ఐవీ మాత్ర రాత్రి వేసుకుంటే ఒకదానికొకటి తగలవు కదా' అన్న వాదన పనికిరాదు. గడియారంతో దీన్ని తప్పించుకోలేం, మోతాదు పెంచాల్సిందే.

అందుకని టీఎల్‌డీ ఉదయం 8కి, విడిగా డోలుటెగ్రవిర్ 50 మి.గ్రా. రాత్రి 8కి. రిఫాంపిసిన్‌తో కలిసినప్పుడు రోజుకు రెండుసార్లు ఇచ్చిన డోలుటెగ్రవిర్ పరిమాణం 54 శాతం తగ్గినా, రిఫాంపిసిన్ లేకుండా రోజుకొకసారి ఇచ్చినదాని కంటే 33 శాతం ఎక్కువే ఉంటుంది. రోజుకొక్కసారి చాలునేమో అని రేడియంట్-టీబీ ట్రయల్ పరిశీలించింది. ఫలితాలు 2023లో వచ్చాయి, ఆశాజనకంగానే ఉన్నాయి. అయితే రెండు మోతాదులనూ తేల్చి పోల్చేంత పెద్ద ట్రయల్ కాదది. ఏడాదిలోపే ఒకసారి వైరస్ పైకి తేలిన ఈ రోగిలో ఆ ప్రయోగం చేయడం సబబు కాదు. విడి డోలుటెగ్రవిర్ దొరకని చోట రిఫాంపిసిన్ బదులు అదే కోవకు చెందిన రిఫాబుటిన్ ఇస్తే రోజుకొక్క టీఎల్‌డీ సరిపోతుంది.

నాలుగో వారంలో విడి మాత్రలు అయిపోయి, ఐదు రోజులు రాత్రి కూడా టీఎల్‌డీయే వేసుకున్నట్టు మాత్రలు లెక్కపెట్టిన నర్సు కనిపెట్టింది. డోలుటెగ్రవిర్ లెక్క సరిపోయింది గానీ టెనోఫోవిర్ రోజుకు 600 మి.గ్రా. అయింది. రెండు సీసాలూ చూడటానికి ఒకేలా ఉంటే ఇది జరిగి తీరుతుంది. మూత మీద మార్కర్‌తో ఒకదానికి సూర్యుడు, ఇంకోదానికి చంద్రుడు గీసి ఇచ్చారు.

అప్పుడు చూసిన క్రియాటినిన్ 1.2, క్లియరెన్స్ 61. ఈసారి లెక్క పెట్టాల్సినవి ఎక్కువ. ఇతర ఇన్ఫెక్షన్లు రాకుండా టీబీ చికిత్సతో పాటు మొదలుపెట్టిన కో-ట్రైమోక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్ కూడా క్రియాటినిన్ తలుపులే మూస్తుంది. డోలుటెగ్రవిర్ రెట్టింపయింది. బరువు తగ్గడం కూడా లెక్కలో క్లియరెన్స్‌ను తగ్గించి చూపిస్తుంది. ఫాస్ఫేటు మామూలే, మూత్రంలో ప్రొటీను లేదు, పొటాషియం 4.6. రెండు వారాలకు మళ్లీ చూస్తే 1.2 దగ్గరే ఆగింది. ఏ మందూ ఆపలేదు.

అసలు తలనొప్పి షుగరు తెచ్చింది. రోజుకు రెండుసార్లు డోలుటెగ్రవిర్‌తో మెట్‌ఫార్మిన్ పరిమాణం దాదాపు రెండున్నర రెట్లవుతుంది, కాబట్టి 1000 దాటించే వీల్లేదు. గ్లిమెపిరైడ్‌ను రిఫాంపిసిన్ మూడో వంతు తగ్గించింది. టీబీ జ్వరం తన వంతు పెంచింది. పరగడుపు షుగరు 230కి వెళ్లింది. ఇలాంటప్పుడు మాత్రలు మార్చుకుంటూ పోవడం కంటే ఇన్సులిన్‌కు వెళ్లడమే నయమని నా అభిప్రాయం. ఇన్సులిన్‌ను ఈ ఎంజైములూ, ఈ వాహకాలూ పట్టించుకోవు. గ్లిమెపిరైడ్ ఆపి, రాత్రి గ్లార్జిన్ ఇన్సులిన్ 8 యూనిట్లతో మొదలుపెట్టి 16 దాకా పెంచారు. ఆమ్లోడిపిన్ కూడా రిఫాంపిసిన్ దెబ్బకు బలహీనపడి బీపీ 156/94కి చేరింది. రాయడం మరిచిపోకుండా 10 మి.గ్రా.కు పెంచారు.

ఈ దశలో యాంటాసిడ్‌కు దొరికే ఖాళీ కూడా కుంచించుకుపోతుంది. డోలుటెగ్రవిర్ 8కి, మళ్లీ 8కి ఉన్నప్పుడు రెండు గంటలు, ఆరు గంటలు అనే నియమం ప్రకారం పగటిపూట మిగిలేది 10 నుంచి 2 దాకానే. అందుకే టీబీ మాత్రలతో కడుపులో మంట అంటే నేరుగా ఒమెప్రజోల్ ఇచ్చారు.

ఇతర రోగుల్లో మారేవి

మూర్ఛకు కార్బమజెపిన్ వాడేవారిలో రిఫాంపిసిన్‌కు చెప్పిందే వర్తిస్తుంది: డోలుటెగ్రవిర్ రోజుకు రెండుసార్లు, లేదా మూర్ఛ మందును లెవెటిరాసెటమ్‌కు మార్చడం. ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్‌తో కలపకుండా ఉండటమే మేలు. గుండె లయకు వాడే డోఫెటిలైడ్‌తో డోలుటెగ్రవిర్ అసలు కలపకూడదు. అదీ కిడ్నీలో అదే దారిన పోయే మందు, పేరుకుంటే ప్రాణాపాయం.

గర్భిణుల విషయంలో 2018లో బోట్స్వానా నుంచి వచ్చిన సంకేతం చాలామందిని ఇంకా భయపెడుతోంది. గర్భం దాల్చేనాటికే డోలుటెగ్రవిర్ వాడుతున్న 426 మందిలో నలుగురి శిశువుల్లో వెన్ను, మెదడు ఏర్పడే నాళపు లోపాలు కనిపించాయి. అదే అధ్యయనంలో కాన్పుల సంఖ్య పెరిగేకొద్దీ ఆ తేడా కరిగిపోయింది. గర్భిణులకు ఇప్పుడు దీన్ని ధైర్యంగా ఇస్తున్నారు. వాళ్లలో రోజూ ఎదురయ్యే అసలు సమస్య ఐరన్ మాత్ర. టీఎల్‌డీ, ఐరన్ రెండూ భోజనంతో కలిపి వేసుకోమంటే సరిపోతుంది. వేవిళ్లతో తినలేని రోజుల్లో మాత్రం టీఎల్‌డీ ముందు, ఐరన్ రెండు గంటలాగి.

ఇరవయ్యో నెల: రిఫాంపిసిన్ ఆగిన తర్వాత

టీబీ చికిత్స ముగిసింది. రెండో డోలుటెగ్రవిర్‌ను అదే రోజు ఆపలేదు. ఎంజైములు మామూలు స్థాయికి దిగేదాకా రెండు వారాలు కొనసాగించి, ఆపాల్సిన తేదీని చార్టు మీద, రోగి కార్డు మీద, సీసా మీద రాశారు. ఆ రెండు వారాల్లో మిగతావి ఎదురు దిశలో కదులుతాయి. ఆమ్లోడిపిన్ బలం పుంజుకుంటుంది, కాళ్ల వాపు, బీపీ పడిపోవడం చూడాలి, 5 మి.గ్రా.కు దించారు. జ్వరం పోయి ఒళ్లు కోలుకుంటుంది కాబట్టి ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. వారానికి రెండు రోజులు పరగడుపు షుగరు చూసుకోమని, 90 లోపు వస్తే ఆ రాత్రి నుంచి 4 యూనిట్లు తగ్గించి ఫోను చేయమని చెప్పారు. మూడో వారానికి గ్లార్జిన్ 6 యూనిట్లకు వచ్చింది, ఆ తర్వాత ఆపేసి గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. తిరిగి మొదలుపెట్టారు. మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మి.గ్రా. దగ్గరే ఉంచారు, డోలుటెగ్రవిర్ ఒక్కపూటకు తగ్గినా ఆ పరిమితి అలాగే ఉంటుంది.

మూడు నెలల తర్వాత చూస్తే వైరల్ లోడ్ 50 లోపు, బరువు 66, క్రియాటినిన్ 1.1, హెచ్‌బీఏ1సీ 7.3 శాతం. సంచిలో టీఎల్‌డీ, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ఆమ్లోడిపిన్, కో-ట్రైమోక్సజోల్, కొత్తగా ఎవరో ఇచ్చిన జింకు బిళ్లల సీసా ఒకటి. దాన్ని ఆపించారు.